ఏడు గుమ్మడికాయలతో ఆశ్వయుజ కార్తీకాలు

విజయదశమి మర్నాడు ఉదయం మా పెరట్లోని పాత పశువులపాక మీద నుంచి గుమ్మడికాయలు దింపించాను. పాకలో పశువులు లేక చాలా ఏళ్లయినా, తొలకరి పడగానే దాని పక్కన రెండు గుంటలు తీసి, పశువుల ఎరువు వేసి, గుమ్మడి గింజలు నాటి, తీగను కప్పు మీదకు పాకించడం మాత్రం నేను మానలేదు. ఈ ఏడాది ఏడు తీపి గుమ్మడికాయలు, మూడు బూడిద గుమ్మడికాయలు వచ్చాయి. అన్నింటిలోకీ పెద్దదాన్ని కాటా మీద పెడితే ఏడు కిలోలు దాటింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కావడంతో, హైదరాబాదులో ఉంటున్న మా అమ్మాయి ఫోనులో సంగతి విని, "ఇన్ని కాయలు మీరిద్దరూ ఏం చేసుకుంటారమ్మా, పాడైపోతాయి, ఎవరికైనా ఇచ్చెయ్" అంది. ఇవ్వడం ఎలాగూ ఉంటుంది. అయితే పాడైపోతాయన్న మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. కోనసీమ పల్లెల్లో మా అత్తగారి తరం వారు ఆశ్వయుజం మొదలు సంక్రాంతి దాకా దాచుకుని వాడుకున్న కాయ ఇది; తొక్క, గింజ, ఆకు, పువ్వు, దేన్నీ పారేయని పద్ధతి వారిది. ఇప్పుడు కార్తీకం చివరికి వచ్చింది. ఆ కాయలన్నీ ఏయే రోజున ఎలా ఖర్చయ్యాయో అమ్మాయి కోసం రాసిపెడుతున్నాను.

మన ప్రాంతంలో శరదృతువు వచ్చిందని ముందుగా చెప్పేవి గోదావరి లంకల్లో తెల్లగా పూసే రెల్లు దుబ్బులు. వరద తీసి, రేవుల్లో నీళ్లు తేరుకుని, సార్వా చేలు ఈనిక మీదికి వచ్చి, తెల్లవారుజామున కాలువ గట్ల మీద పలుచగా మంచు పట్టే రోజులివి. చూడటానికి ఇంత అందంగా ఉండే ఈ కాలంలోనే రైతు ఇంట చేతిలో డబ్బు ఆడదు. పెట్టుబడంతా చేలో ఉంటుంది, కోతకు ఇంకా వ్యవధి ఉంటుంది, దసరా, అట్లతద్ది, దీపావళి, నాగుల చవితి ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి, పైగా వాయుగుండం పట్టినప్పుడల్లా సంతలో కూరగాయల ధరలు పెరిగిపోతాయి. సరిగ్గా ఆ సమయానికి పెరట్లో ముదిరి సిద్ధంగా ఉండేది గుమ్మడికాయ. కందను మినహాయిస్తే, పెద్ద ఖర్చేమీ లేకుండా పెరట్లో పండి, నెలల తరబడి నిలవ ఉండే కూరగాయ నాకు ఇంకొకటి కనబడదు.

నిలవ ఉండటం కొంత కాయ గుణం, కొంత కోసినవారి జాగ్రత్త. తొడిమ ఎండి బెండులా మారి, తొక్క మీద గోరు గుచ్చితే దిగకుండా ఉన్నప్పుడే కాయను కోయాలి. రెండంగుళాల తొడిమ కాయతోపాటే ఉండాలి. అది ఊడిన చోటి నుంచే కుళ్లు మొదలవుతుంది కనుక తొడిమ పట్టుకుని కాయను ఎత్తకూడదు. కోసిన కాయల్ని వారం రోజులు ఎండ తగిలేలా అరుగు మీద ఉంచి, ఆ తరువాత గాలి ఆడే చోట ఒకదానికొకటి తగలకుండా పెట్టుకోవాలి. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గచ్చు మీద నేరుగా పెడితే అడుగు చెమ్మగిల్లి మెత్తబడుతుంది. నేను పట్టెమంచం కింద వరిగడ్డి పరిచి దాని మీద పెడతాను. వారానికొకసారి ఒక్కొక్కదాన్నీ తిప్పి, అడుగున బొటనవేలితో నొక్కి చూస్తాను. మెత్తదనం తగిలిన కాయ ఆ రోజే వంటింట్లోకి వచ్చేస్తుంది. ఈ ఏడాది అలా వచ్చినది ఒక్కటే. బూడిద గుమ్మడికి ఇంత సేవ కూడా అక్కరలేదు. దాని మీది తెల్లని బూడిద చెరిగిపోకుండా జాగ్రత్తగా పట్టుకుని ఉట్టిలో వేలాడదీస్తే, అది తీపి గుమ్మడి కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

మా అత్తగారింట గుమ్మడికాయకు తొలి గాటు ఆడవాళ్లు పెట్టకూడదన్న ఆచారం ఉండేది. మామగారు స్నానం చేసి వచ్చి కత్తితో మొదటి గాటు పెడితే, ఆ తరువాత అత్తగారు కత్తిపీట వేసుకుని కూర్చుని బద్దలు చేసేవారు. మామగారు పోయాక ఆ గాటు కోసం పక్కింటి అబ్బాయిని పిలవడం మొదలైంది. పిలిచినవాణ్ని వట్టి చేతులతో పంపలేం కనుక ఒక పెద్ద బద్ద అతని చేతిలో పెట్టేవారు. పక్కింటికి ఇచ్చి ఎదురింటికి ఇవ్వకపోతే బాగుండదు. అలా ఒక్క కాయ కోస్తే నాలుగైదు ఇళ్లలో గుమ్మడికాయ ఉడికేది; రెండు రోజులు పోయాక ఆ ఇళ్ల నుంచి ఏ లేత ఆనపకాయో, నాలుగు ములక్కాడలో మా ఇంటికి వచ్చేవి. ఆచారం వెనక ఏ కారణం ఉన్నా, పెద్ద కాయ ఒక ఇంట్లోనే ఉండి వడలిపోకుండా వీధిలోకి వెళ్లడానికి అది దారి చేసింది. అందుకే నేను ఇప్పటికీ ఆ అబ్బాయినే పిలుస్తాను; అతనికి ఇప్పుడు నలభై ఏళ్లు దాటాయి.

ఏడు కిలోల కాయను మొదటగా కోసినప్పుడు ఆరు బద్దల్లో నాలుగు వీధిలోకి వెళ్లగా, మాకు రెండు మిగిలాయి. కోసిన రోజు దప్పళం పెట్టడం మా ఇంటి వాడుక. ఒక బద్దను తొక్కతోనే అరచేతిలో సగం ఉండే ముక్కలుగా తరిగాను, ఎందుకంటే చిన్న ముక్కలు పులుసులో కరిగిపోయి జాడ లేకుండా పోతాయి. ముందుగా ములక్కాడ, చిలగడదుంప, ఆనపకాయ ముక్కల్ని ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ఉడకనిచ్చి, అవి సగం మెత్తబడ్డాక గుమ్మడి ముక్కలు, వంకాయ ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేశాను. పెద్ద నిమ్మకాయంత చింతపండు పిసికి ఆ పులుసు పోసి, అది తెర్లి పచ్చివాసన పోయాక బెల్లం వేయాలి; గుమ్మడిలో తీపి ఉంటుంది కనుక మామూలు పులుసుకు వేసే బెల్లంలో సగం సరిపోతుంది. రెండు చెంచాల బియ్యప్పిండిని నీళ్లలో కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. చివరగా ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టాలి. ఉల్లిపాయ లేకుండానే నిండుగా ఉండే వంట కాబట్టి, కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసే ఇళ్లకు ఇది పెద్ద ఆధారం. వేడి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని దప్పళం ముక్క నంజుకుంటే, తొక్క పళ్ల కింద కొంచెం గట్టిగా తగులుతుంది, లోపలి గుజ్జు దానంతట అదే జారిపోతుంది. రాత్రి మిగిలినదాన్ని మరొకసారి తెర్లించి మూత పెడితే మర్నాడు చద్దన్నంలోకి పనికివస్తుంది. నిజానికి మర్నాటి దప్పళమే నాకు ఎక్కువ ఇష్టం.

రెండో బద్దతో మూడో రోజున బెల్లం పెట్టిన కూర చేశాను. దానికి తొక్క తీయాలి, ఆ తీసిన తొక్కే పచ్చడికి సరుకు. తొక్కను సన్నగా తరిగి, రెండు చెంచాల నూనె వేసిన మూకుడులో మూత పెట్టి మగ్గనిచ్చి, విడిగా వేయించిన ఎండుమిర్చి, నువ్వులు, కాస్త చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే, బీరతొక్కు పచ్చడికి ఏమాత్రం తీసిపోదు. గింజల చుట్టూ ఉండే పీచును కూడా నేను పారేయను. కందిపప్పుతో కలిపి ఉడికిస్తే పప్పు చిక్కగా, కొంచెం తియ్యగా వస్తుంది. తొడిమ చుట్టూ చెక్కలా గట్టిపడిన భాగం మాత్రం మనుషులు తినలేరు. అది ఎదురింటి గేదెకు వెళుతుంది.

గింజల దగ్గర ఓపిక కావాలి. గింజల్ని నీళ్లగిన్నెలో వేసి గంటసేపు నాననిచ్చి చేత్తో పిసికితే అంటుకున్న పీచు విడిపోయి గింజలు పైకి తేలతాయి. వాటిలో నిండుగా, దళసరిగా ఉన్నవి పాతిక ఏరి, నీడలో ఆరబెట్టి, పొయ్యి బూడిద కలిపి డబ్బాలో పోసి వచ్చే తొలకరికి దాస్తాను. మిగిలినవాటిని ఉప్పునీళ్లలో ముంచి తీసి, రెండు రోజులు ఎండబెట్టి, సన్నని సెగ మీద వేయిస్తే చిటపటమంటూ ఉబ్బుతాయి. పట్టణంలో ఒలిచిన గుమ్మడిపప్పు చిన్న పొట్లాల్లో ఏ ధరకు అమ్ముతున్నారో చూసినప్పుడల్లా, మన ఇళ్లలో పెంటకుప్ప మీద పారబోస్తున్న గింజలు గుర్తుకు వచ్చి నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఇక పువ్వుల సంగతి. గుమ్మడి తీగకు పూసే పూలలో సన్నని పొడుగాటి కాడతో ఉండేవి మగపూలు, అడుగున చిన్న పిందె ఉన్నవి ఆడపూలు. మగపూలే ముందుగా, ఎక్కువగా పూస్తాయి. తేనెటీగల పనికి నాలుగు వదిలి, మిగిలినవి ఉదయమే కోసి సెనగపిండిలో ముంచి బజ్జీలు వేసుకోవచ్చు. ఆడపువ్వు కోస్తే ఒక కాయను కోసేసుకున్నట్టే. లేత చిగురాకుల్ని నూగు పోయేలా నలిపి కడిగి పప్పులో వేస్తే, ఆకుకూరలు దొరకని ముసురు రోజుల్లో ఆ లోటు తీరుతుంది.

ఆశ్వయుజ బహుళ తదియనాడు వచ్చే అట్లతద్ది, నా దృష్టిలో, మన పండుగలన్నింటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ సంతోషం ఇచ్చేది. అట్లకు బియ్యం, మినపపప్పు, ఉయ్యాలకు ఒక గట్టి తాడు, మంచి కొమ్మ ఉన్న చెట్టు ఉంటే చాలు. ఆడపిల్లలు తెల్లవారుజామునే లేచి అన్నం తిని ఆడుకోవడం, సాయంత్రం చంద్రుణ్ని చూసి గౌరీదేవిని పూజించి, ముత్తయిదువకు పదకొండు అట్లు వాయనం ఇవ్వడం, ఇందులో దుకాణానికి వెళ్లి కొనవలసినది దాదాపు ఏమీ లేదు. ఈసారి వీధిలోని తొమ్మిది మంది పిల్లలకు ఆ తెల్లవారుజాము అన్నం మా అరుగు మీదే పెట్టాను. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, రెండో గుమ్మడికాయతో ముందురోజు రాత్రే కాచి ఉంచిన పులుసు, గడ్డపెరుగు. లాంతరు వెలుతురులో నిద్రకళ్లతో కూర్చున్న పిల్లలు రెండో ముద్దకే తేరుకుని, గుమ్మడి ముక్క నాకంటే నాకని అడిగారు.

దీపావళికి మా ఇంట బజారు మిఠాయి కొనకపోవడానికి ఒక కారణం ఉంది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను ఈ ప్రాంతపు పెద్దవాళ్లలో ఎవరూ మరచిపోలేరు. తెల్లవారేసరికి మా కొబ్బరితోటలో నిలబడిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టే పరిస్థితి వచ్చింది. వంటింటి పెంకులు ఎగిరిపోయాయి, కరెంటు స్తంభాలు నేలకొరిగాయి, దారుల మీద చెట్లు అడ్డంగా పడి రోజుల తరబడి ఊళ్లోకి కూరగాయలు రాలేదు. మామగారు ఆశ్వయుజం మొదట్లో పట్టెమంచం కింద పెట్టించిన గుమ్మడికాయలు తొమ్మిది ఉన్నాయి. వసారాలో మూడు రాళ్లు పెట్టి, తడిసిన కొబ్బరి మట్టలు పొగ చిమ్ముతుంటే, అత్తగారు పెద్ద ఇత్తడి గిన్నెలో గుమ్మడి పులుసు కాచారు. ఇల్లు పడిపోయి మా వసారాలో తలదాచుకున్న మూడు కుటుంబాలూ, మేమూ అదే పులుసుతో నాలుగు రోజులు అన్నం తిన్నాం. నవంబరు 10న దీపావళి వచ్చింది. ఆ ఏడాది పండుగ చేసుకునే మనసు ఎవరికీ లేదు, కాని పిల్లలు ఉన్నారు. నేలంతా రాలిపడిన కొబ్బరికాయలు కొల్లలుగా ఉన్నాయి, గుమ్మడికాయలు రెండు మిగిలాయి, డబ్బాలో కాస్త బెల్లం ఉంది. అత్తగారు కొబ్బరి తురిమి పాలు పిండి, బియ్యం నూక, గుమ్మడి తురుము ఉడికించి, దింపాక బెల్లం కలిపి, చివరలో కొబ్బరిపాలు పోసి పాయసం చేశారు. నెయ్యి లేదు, జీడిపప్పు లేదు. ఆకుల్లో పోసి పెడితే పిల్లలు ఆకు నాకేశారు.

అప్పటి నుంచి ప్రతి దీపావళికీ మా ఇంట ఆ పాయసమే. కొలత చెప్పాలంటే, ఒక గ్లాసు నూకకు మూడు గ్లాసుల గుమ్మడి తురుము, ఒకటిన్నర గ్లాసు బెల్లం, ఒక పెద్ద కొబ్బరికాయ పాలు. కొబ్బరిపాలు పోశాక మళ్లీ మరగనివ్వకూడదు, విరిగిపోతాయి. ఆ సాయంత్రం గోగుపుల్లల కొసలకు పాత నూలుగుడ్డ చుట్టి, నూనెలో ముంచి వెలిగించి, పిల్లలచేత గుమ్మం ముందు దివ్వెలు కొట్టిస్తాను. ఆ తరువాత కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి నోరు తీపి చేసుకోవడం ఆచారం. టపాకాయల కోసం వేలు ఖర్చుపెట్టే ఇళ్ల పిల్లలు కూడా ఈ దివ్వెల కోసం మా గుమ్మం దగ్గరకు వస్తారు.

బూడిద గుమ్మడికాయ గురించి విడిగా చెప్పాలి. తీపి గుమ్మడి అమెరికా ఖండాల నుంచి మనకు చేరిన కాయ. బూడిద గుమ్మడి పుట్టుక ఆసియాలోనే, మన పెద్దలు కూష్మాండమని పిలిచింది దాన్నే. అటువంటి కాయను దసరా రోజుల్లో పట్టణాల్లో దుకాణాల ముందు ఒక్కొక్కరు మూడేసి, నాలుగేసి పగలగొట్టి రోడ్డు మీదే వదిలేయడం చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది. దిష్టి తీయడాన్ని నేను కాదనడం లేదు, మా గుమ్మానికీ ఒకటి కట్టాను. కాని దానికి ఒక్క కాయ సరిపోతుంది, పగిలిన ముక్కల్ని పక్కకు ఎత్తివేసే బాధ్యత కూడా పగలగొట్టినవారిదే. కొన్నేళ్ల క్రితం మా వీధి కుర్రాడు ఒకడు అలాంటి గుజ్జు మీద బండి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను గుమ్మానికి కట్టిన కాయను ఏడాది తిరిగాక తీసి పెరట్లో గొయ్యి తీసి పాతేస్తాను. తొలకరికి అక్కడ మొలిచిన మొక్కలే ఈ ఏటి పాదులు.

ఉన్న మూడింటిలో ఒకటి అలా గుమ్మానికి వెళ్లగా, రెండోది కార్తీక శుద్ధ నవమినాడు దానం ఇచ్చాము. ఆ రోజును కూష్మాండ నవమి అంటారు, బూడిద గుమ్మడి దానం ఇవ్వడం ఆనవాయితీ. మూడోదానితో వడియాలు పెట్టాను. కాయను తొక్కతోనే చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, పలుచని గుడ్డలో మూట కట్టి, మీద సన్నికల్లు పెట్టి రాత్రంతా నీరు ఓడనివ్వాలి. ఆ ఓడిన నీటిని చాలామంది పారబోస్తారు. అందులో ఉప్పూ, పసుపూ, కాయ సారమూ ఉంటాయి. మజ్జిగ పులుసులో పోసి, ఆ మేరకు ఉప్పు తగ్గించుకుంటే చక్కగా ఉంటుంది. మధ్యరకం కాయకు అరకిలో పొట్టు మినపపప్పు నానబెట్టి, పొట్టు కడిగి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువతో నీళ్లు తగలకుండా గట్టిగా రుబ్బి ముక్కలు కలిపి, తడిపిన పాత పంచె మీద వడియాలు పెట్టాలి. మూడు నాలుగు రోజుల గట్టి ఎండ కావాలి కనుక ఈ కాలంలో ఆకాశాన్ని చూసి మొదలుపెట్టాలి; మబ్బులో పెట్టిన వడియం బూజు పడుతుంది, మినపపప్పు కూడా దండగ. నేను పౌర్ణమి దాటి తెరిపి ఇచ్చిన వారం దాకా ఆగాను. ఎండిన పంచెను వెనక వైపు నుంచి తడిపితే వడియాలు విరగకుండా ఊడివస్తాయి. ఇప్పుడు రెండు డబ్బాలు నిండాయి, ఒకటి హైదరాబాదు వెళుతుంది.

కార్తీక వనభోజనాలకు ఈసారి కాలువ అవతలి ఉసిరిచెట్టు ఉన్న తోటకు వెళ్లాము. ఇంటికొక వంటకం తేవాలన్నది మా వీధి కట్టుబాటు. అరటి ఆకులు తోటవారివే, చెట్టు కింది ఉసిరికాయలతో అక్కడికక్కడే పచ్చడి నూరారు. నేను అయిదు కిలోల గుమ్మడికాయ ఒక్కదానితో ముప్ఫై మందికి దప్పళం కాచి తీసుకువెళ్లాను. చింతపండు, బెల్లం, పోపుసామాను తప్ప నేను డబ్బు పెట్టి కొన్నది ఏమీ లేదు. సాయంత్రం అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదిలి, అవి వంతెన కింద నుంచి మలుపు తిరిగేదాకా చూసి ఇంటికి వచ్చాము.

ఏడింటిలో ఇంకొకటి, ఈమధ్యనే బాలింతరాలైన ఒక అమ్మాయి ఇంటికి పంపాను. మిగిలినది ఒక్కటే. సంక్రాంతికి గుమ్మడిపండు దానం ఇవ్వాలి కనుక దాన్ని మంచం కిందే ఉంచాను. నిన్న సాయంత్రం గడ్డి మార్చి, తిప్పి, అడుగు నొక్కి చూశాను. గట్టిగానే ఉంది.